కడియం కుస్తీ

చేతికి కడియం ఉన్నంతకాలం గోదా పక్కన ఊరికే కూర్చునే హక్కు పహిల్వానుకు లేదు. ఎవడైనా వచ్చి చెయ్యి చాపితే కలపాల్సిందే. కలపలేనంటే ముందే ఆ కడియం తీసి హనుమంతుడి పాదాల దగ్గర పెట్టి, ఇంటికి పోయి మనవల్ని ఆడించుకోవాలి. బోధన్ వైపు ఊళ్లలో ఇది చంటిపిల్లలకు కూడా తెలుసు. లచ్చన్నకు తెలియదా? తెలుసు. తెలిసీ తియ్యలేదు. మస్కట్ దగ్గర సీబ్‌లో చేపల మార్కెట్టు వెనక, ఇసుకలో, శుక్రవారం శుక్రవారం పంజాబీలూ పఠాన్లూ కుస్తీలు పడుతుంటే, ఆ వెండి కడియం పెట్టుకుని ముందు వరసలో కూర్చునేవాడు. పక్కన కూర్చున్న భూమేశ్ మాత్రం ఆ కడియం వంకే చూసేవాడు.

"తియ్యరాదే అన్నా దాన్ని," అనేవాడు.

"రాదురా. చెయ్యి లావైంది."

"సబ్బు వెడ్తె రాదా?"

"ఊకో."

రాకేం, వస్తుంది. రోజూ ఆ చేతికి మాలిష్ చేసేది భూమేశే. కడియం మణికట్టు మీద ఎంత వదులుగా తిరుగుతుందో వాడికి తెలియదూ! కానీ పెద్దమనిషి రాదన్నాక వచ్చునని ఎవడు వాదిస్తాడు?

భూమేశ్‌ది కుస్తీ పట్టే ఒళ్లు కాదు. చిన్నప్పుడు తాలీంలో, అంటే కుస్తీ నేర్పే కొట్టంలో, చేరితే, ఉస్తాద్ వాడి ఛాతీ చూసి నవ్వి, చేతులు చూసి ఆగాడట. "నువ్వు పట్టద్దు, పట్టేటోళ్లకు మాలిష్ చెయ్యి," అన్నాడట. ఆనాటి నుంచి లచ్చన్న ఒంట్లో ఏ నరం ఎక్కడ పోతుందో, ఏ ఎముక ఎప్పుడు విరిగి ఎలా అతుక్కుందో, కన్నతల్లికి తెలియనిది వాడికి తెలుసు. లచ్చన్న మస్కట్ విమానం ఎక్కితే, ఏడాది తిరక్కముందే వీడూ తాపీ పని పేరు చెప్పి వెనకాలే వచ్చిపడ్డాడు. ఇద్దరూ ఒకే కంపెనీ, ఒకే రూమ్, పక్కపక్క మంచాలు.

లచ్చన్న పేరు చెబితే ఒకప్పుడు జాతరల్లో డప్పు కొట్టేవాడు కూడా దెబ్బ తప్పేవాడు. ఆ దిక్కు జాతరల్లో కుస్తీలకు ఒక వరస ఉంది. ఎండ నెత్తి మీదున్నప్పుడు కొబ్బరికాయ కుస్తీలు. పిల్లకాయలు పడతారు, గెలిచినవాడికి కొబ్బరికాయ. ఆ తర్వాత కాస్త మీసమొచ్చినవాళ్లవి. పొద్దు వాలి, జనం చెట్లెక్కి, ఊరి పెద్దలు తలపాగాలు సర్దుకునే వేళకు కడియం కుస్తీ. అదే ఆఖరిది. గెలిచినవాడికి నలుగురి ముందూ వెండి కడియం తొడుగుతారు. లచ్చన్న లంగోటీ కట్టుకోవడం సరిగా రాని వయసులో కొబ్బరికాయ గెలిచాడు. మీసాలొచ్చేసరికి కడియం కుస్తీలో వాడి ఎదుట నిలబడటానికి నాందేడ్ నుంచి, లాతూర్ నుంచి మనుషుల్ని పిలిపించాల్సి వచ్చేది. ధోబీపాట్ పట్టాడంటే, చాకలి బండకేసి బట్ట బాదినట్టు అవతలివాడి వీపు నేలకు తగిలేది.

ఆఖరి కడియం గోదావరి ఒడ్డు జాతరలో గెలిచాడు. అవతలివాడు లచ్చన్నను తలకిందులుగా ఎత్తి మెడ మీద వేశాడు. మెడలో పుటుక్కుమన్న చప్పుడు గట్టు మీదున్న భూమేశ్‌కు వినపడింది. జనం చప్పుడులో ఇంకెవరికీ వినపడలేదు. అయినా లచ్చన్న లేచాడు, మట్టి దులుపుకున్నాడు, వాణ్ని చిత్తు చేశాడు. కడియం తొడిగించుకుంటూ నవ్వాడు కూడా. అదే ఇప్పుడు చేతికున్న కడియం. ఆ రోజు నుంచి కుడిచేతి చివరి రెండు వేళ్లకు స్పర్శ లేదు.

తర్వాత ఏముంది? ఉస్తాద్ పోయాడు. జాతరల్లో కుస్తీల కంటే వీడియో సినిమాలకు జనం ఎక్కువయ్యారు. తాలీంలో మక్కజొన్నలు ఆరబోయడం మొదలుపెట్టారు. ఎనభై ఎనిమిదిలో లచ్చన్న గల్ఫ్ దారి పట్టాడు. వచ్చిన కొత్తలో చంకకొక సిమెంటు బస్తా పెట్టుకుని మెట్లెక్కేవాడు. సైట్‌లో అందరూ పని ఆపి చూసేవాళ్లు. మెస్‌లో వాడి రొట్టెల దొంతర చూసి వంటవాడు నెత్తి కొట్టుకునేవాడు. కంపెనీ కూలీకి తిండి పెడుతుంది గానీ పహిల్వాన్లను మేపుతానని ఎక్కడా ఒప్పుకోలేదు కదా! నాలుగేళ్లు గడిచేసరికి కండ కరిగి కొవ్వయింది. చేతిలోంచి సిమెంటు దిమ్మెలు జారిపడటం మొదలైంది. ఫోర్‌మన్ తిట్టి, తీసుకుపోయి సామాను కొట్టు దగ్గర కాపలా కూర్చోబెట్టాడు.

సీబ్‌లో ఒక మలయాళీ డాక్టరు మెడకు ఎక్స్‌రే తీయించి, బొమ్మను వెలుతురుకు పట్టి చూశాడు. ఎముక జారి నరం మీద కూర్చుందన్నాడు. "ఇంకొక్క దెబ్బ తగిలితే మెడ కింద ఏదీ నీ మాట వినదు," అన్నాడు హిందీలో. ఆ మాట విన్నది ఇద్దరే. కంపెనీకి తెలిస్తే అన్‌ఫిట్ అని మర్నాడే విమానం ఎక్కించేస్తుంది. బయటకొచ్చాక లచ్చన్న పగలబడి నవ్వి, "ఇగ కుస్తీ ఎవడు వడ్తడురా, నేనా?" అన్నాడు. భూమేశ్‌కు నవ్వు రాలేదు.

రాలేదు సరే, భూమేశ్ నోరైనా కట్టుకున్నాడా? అదీ లేదు. రూమ్‌లో మెడ పట్టేదీ వాడే, సైట్‌లో అన్న పేరు చెప్పి మీసం తిప్పేదీ వాడే. మధ్యాహ్నం నీడలో అన్నం తింటూ గోదావరి ఒడ్డు కుస్తీ చెప్పని రోజు లేదు. చెప్పినకొద్దీ అవతలివాడి ఎత్తు పెరిగేది, లచ్చన్న వేగం పెరిగేది. సైట్‌కు నీళ్ల ట్యాంకరు తెచ్చే డ్రైవర్లు కూడా కూర్చుని వినేవాళ్లు. ఆ డ్రైవర్లలో ఒకడు ఫయాజ్. పాకిస్తాన్‌లోని గుజ్రాన్‌వాలా వాడు. పాతికేళ్లుంటాయి. చేపల మార్కెట్టు వెనక గోదాలో ఆ ఏడాది వాణ్ని పడేసినవాడు లేడు.

తొంభై నాలుగు, ఎండలు ముదిరే కాలం. ఆ శుక్రవారం మూడు దాటాక వచ్చే అసర్ నమాజు అయ్యాక కుస్తీలు మొదలయ్యాయి. వాదీ అనే ఎండు వాగు నుంచి పికప్‌లలో తెచ్చి, జల్లెడ పట్టి పోసిన మట్టి గోదా అది. అవతల ఇసుక మీద ఎండబెట్టిన చేపల కంపు. సముద్రం మీద గాలి చచ్చిపోయింది. అలలు కూడా చప్పుడు చేయడం లేదు. భూమేశ్‌కు ఎందుకో లేచి పోదామనిపించింది. అన్నాడు కూడా. లచ్చన్న వినలేదు.

ఫయాజ్ ఇద్దరిని చిత్తు చేసి, ఆనవాయితీ ప్రకారం చెయ్యి చాపుకుంటూ గోదా చుట్టూ తిరిగాడు. చెయ్యి కలిపేవాడు ఎవడూ లేడు. తిరిగి తిరిగి లచ్చన్న ముందు ఆగాడు. వంగి పాదాలు తాకాడు. తర్వాత ఆ చెయ్యే చాపాడు. పొగరు లేదు వాడి మొహంలో. ఇంత పెద్ద పహిల్వానును అడగకుండా దాటిపోతే అవమానించినట్టవుతుందని అడిగాడు, అంతే. జనమంతా లచ్చన్న కడియం వంక చూశారు.

"లేవకు అన్నా. నీ కాళ్లు మొక్కుత, లేవకు," అన్నాడు భూమేశ్ పళ్ల మధ్య నుంచి.

లచ్చన్న లేచాడు. స్పర్శ లేని రెండు వేళ్లతో సహా చెయ్యి కలిపాడు. వచ్చే శుక్రవారానికి కుస్తీ ఖాయమైంది.

ఆ వారం భూమేశ్‌కు ముద్ద దిగలేదు. లచ్చన్నకు మాత్రం ఎక్కడలేని కళ వచ్చింది. తెల్లవారకముందే లేచి దండీలు, బస్కీలు తీసేవాడు. పాతకాలపు పాటేదో కూనిరాగం తీసేవాడు. అది చూస్తే సంతోషం వేయాలి. భూమేశ్‌కు మాత్రం దీపం ఆరే ముందు వెలుగు గుర్తొచ్చేది. ఒకనాటి పొద్దున చాయ్ గ్లాసు లచ్చన్న చేతిలోంచి జారి భళ్లున పగిలింది. కాలితో గాజుముక్కలు పక్కకు నెట్టి, ఏమీ కానట్టు ఇంకో గ్లాసు అందుకున్నాడు.

"నీకు పానం మీద తీపి లేదా అన్నా?"

"కడియం ఏస్కొని కూసున్న. ఆ పోరడు అడిగిండు. లేదంటె ఏం మొకం వెట్టుకొని బతుకుత?"

"నీ మొకాన్ని అద్దంల జూస్కుంటందుకన్న మెడ ఉండాలె గద!"

దానికి లచ్చన్న నవ్వాడు. కానీ ఆ నవ్వు కళ్లదాకా పోలేదు. భూమేశ్ అది చూశాడు. అప్పుడు అర్థం చేసుకోలేదు.

బుధవారం నాడు ఫయాజ్ రూమ్‌కు వచ్చాడు. పెద్ద డబ్బా నిండా పాలు, గుడ్డలో మూటగట్టిన బాదంపప్పు తెచ్చాడు. పహిల్వాన్ పహిల్వానుకు ఇచ్చే మర్యాద అది. పెద్దవాళ్ల కాలం కుస్తీల గురించి అడిగి, నేల మీద కూర్చుని విన్నాడు. వాడు వెళుతుంటే భూమేశ్ వెనకాలే పరుగెత్తి, ట్యాంకరు తలుపు పట్టుకుని ఆపాడు. మెడ సంగతి చెప్పేశాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు.

ఫయాజ్ మొహం పాలిపోయింది. "ముందే ఎందుకు చెప్పలేదు భాయ్? చెయ్యి చాపేవాణ్నే కాదు," అన్నాడు. ఇప్పుడు వద్దంటే లచ్చన్న పరువు పోతుంది. ఆలోచించి మాటిచ్చాడు. పై పైనే కుస్తీ పడతాను, పొద్దు వాలేదాకా లాగి ఇద్దరూ బరాబర్ అనిపిస్తాను. ఎక్కడైనా ఆయన కాలు తప్పి పడబోతే, నా అరచెయ్యి ఆయన మెడ కింద ఉంటుంది. "ఉస్తాద్ కీ గర్దన్ మేరీ అమానత్," అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఉస్తాద్ మెడ ఇక తన దగ్గర అమానత్, అంటే నమ్మి అప్పగించిన సొత్తు. అంతకంటే పెద్ద మాట వాళ్లలో లేదు.

ఆ మాట నమ్మి ఊరుకుంటే ఈ కథే లేకపోయేది. కానీ అనుమానం పెనుభూతం. గోదాలోకి దిగి, జనం ఈలలు వేస్తుంటే, ఇరవై అయిదేళ్ల నెత్తురు ఎవరి మాట వింటుంది? పైగా వాడు ఏ ఊరివాడో, ఏ దేశంవాడో. భూమేశ్ రెండు రోజులూ ఇదే నెమరు వేశాడు. చివరకు వాడి బుర్రకు వాడి చేతులకు తెలిసిన ఉపాయమే తట్టింది.

కుస్తీకి ముందు ఒంటికి నూనె రాయకూడదు. పట్టు జారుతుంది గనక అది దగా కింద లెక్క. అందుకే గోదాలోకి దిగగానే ఒకరి మెడకూ భుజాలకూ ఒకరు మట్టి రుద్దుతారు. శుక్రవారం మధ్యాహ్నం లచ్చన్న లంగోటీ బిగించుకుంటుంటే, భూమేశ్ వెనక నిలబడి మెడ సవరిస్తున్నట్టుగా, వెల్లుల్లి, వాము వేసి కాచిన తన మాలిష్ నూనె వేళ్లకు అద్దుకుని, మెడ వెనక పల్చగా పట్టించాడు. మట్టి రుద్దినా అడుగున కాస్త జిడ్డు మిగులుతుందిలే, ఆ పిల్లవాడి చెయ్యి మెడ మీద పడినా జారిపోవాలి. అదీ వాడి లెక్క. వాసనకు భయం లేదు, లచ్చన్న ఒళ్లు ఏళ్లుగా ఆ వాసనే కొడుతుంది. లచ్చన్న భుజాలు ఒక్క క్షణం బిగుసుకుని వదులయ్యాయి. మళ్లీ ముడి బిగించుకోవడంలో పడ్డాడు. హమ్మయ్య, తెలియలేదనుకున్నాడు భూమేశ్.

గోదా చుట్టూ ఆ రోజు ఇసుక వేస్తే రాలనంత జనం. వలలు బాగుచేసుకునే ఒమానీ ముసలివాళ్లు కూడా పని వదిలి వచ్చారు. లచ్చన్న గోదాలోకి దిగి మట్టి కళ్లకద్దుకుని జబ్బ చరిచాడు. ఆ చప్పుడుకు తెలుగువాళ్లంతా ఒక్క కేక వేశారు. ఆచారం ప్రకారం లచ్చన్న పిడికెడు మట్టి తీసి ఫయాజ్ మెడకు రుద్దాడు. ఇక ఫయాజ్ వంతు. వాడు మట్టి తీశాడు, లచ్చన్న మెడ వంక చూశాడు, తండ్రి వయసువాడి మెడ మీద మన్ను పోయడానికి చెయ్యి రాక, ఆ మట్టిని ఆయన పాదాల దగ్గర వదిలి మొక్కాడు. జనం వాహ్‌వా అన్నారు. రుద్ది ఉంటే ఆ మట్టి నూనెను పీల్చేసేది. మర్యాద కూడా మనిషికి శత్రువవుతుందని ఎవరనుకుంటారు?

కాసేపు బాగానే సాగింది. ఫయాజ్ మాట తప్పలేదు. పట్టినట్టే పట్టి వదిలేవాడు, తోసినట్టే తోసి తానే వెనక్కి పోయేవాడు. భూమేశ్ ఊపిరి పీల్చుకున్నాడు. కానీ లచ్చన్న ఏం చిన్నపిల్లవాడా? ఎన్ని గోదాల మట్టి తిన్న ఒళ్లు! అవతలివాడు బలం దాచుకుంటున్నాడని చెయ్యి తగిలిన మరుక్షణమే కనిపెట్టాడు. లచ్చన్న మొహం ఎర్రబడింది.

"ఆడుకుంటున్నవా? కుస్తీ పట్టురా!" అని గర్జించాడు. ఫయాజ్ చెంప మీద ఒక్కటి చరిచాడు. మరుక్షణం వాడి చెయ్యి భుజం మీదుగా లాక్కుని ధోబీపాట్‌కు వంగాడు.

ఆ రెండు వేళ్లూ పట్టు నిలపలేదు. వంగినవాడి నడుము ఫయాజ్ చేతుల్లోకి వచ్చింది. ఏళ్ల తరబడి కసరత్తు చేసిన ఒళ్లు ఆలోచించదు, ఫయాజ్ ఎత్తేశాడు. ఎత్తాక తానేం చేశాడో తెలిసి వాడి కళ్లు పెద్దవయ్యాయి. వెంటనే ఒక చెయ్యి నడుము కింద ఉంచి, రెండో అరచెయ్యి తీసుకుపోయి లచ్చన్న మెడ కింద పెట్టాడు. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించబోయాడు. మాటిచ్చినట్టే పెట్టాడు చెయ్యి. సరిగ్గా నూనె రాసినచోట పెట్టాడు.

చెయ్యి జారింది.

పుటుక్కుమన్న ఆ చప్పుడు భూమేశ్ రెండోసారి విన్నాడు. ఈసారి జనమంతా విన్నారు.

లచ్చన్న లేవలేదు. ఒక ఒమానీ ముసలాయన పికప్ తెచ్చాడు. చెక్క మీద పడుకోబెట్టి మస్కట్ ఆసుపత్రికని అందులోకి ఎక్కించారు. వెనక గోదా దగ్గర మనవాళ్లు ఫయాజ్ మీదికి లేచారు. "పాకిస్తానోడు గావాలనే చంపిండు!" అని ఒకడు, "ముసలోణ్ని మెడ మీద ఏస్తవారా!" అని ఇంకొకడు. ఫయాజ్ ఒక్క మాట బదులు చెప్పలేదు. తన అరచెయ్యి చూసుకున్నాడు. వేళ్లు ఒకదానికొకటి రాసి చూసుకున్నాడు. వాసన చూశాడు. తలెత్తి, పికప్ ఎక్కుతున్న భూమేశ్ కళ్లలోకి చూశాడు. నూనె అని ఒక్క మాట అంటే వాడు బయటపడేవాడు. కానీ అంత పెద్ద పహిల్వాన్ నూనె రాసుకుని గోదాలోకి దిగాడన్న పేరు మిగిలిపోయేది. వాడు ఆ చెయ్యి ఇసుకలో తుడుచుకుని తన్నులు తిన్నాడు. భూమేశ్ చూస్తూ కూడా నోరు విప్పలేదు. సిగ్గుతో, భయంతో పికప్‌లోకి ఎక్కి తల దించుకున్నాడు.

డాక్టరు ముందే చెప్పిన మాట అక్షరాలా నిజమైంది. లచ్చన్నకు కళ్లూ నోరూ మిగిలాయి. మెడకు పట్టీ వేసి, పెద్ద మంచం మీద పడుకోబెట్టారు. కంపెనీ ఇంటికి పంపే కాగితాలు తయారుచేస్తోందన్నారు. మూడో నాడు భూమేశ్ మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"అన్నా... ఆ పోరని తప్పు లేదే. నేను... నీ మెడకు..."

"నూనె రాసినవ్," అన్నాడు లచ్చన్న పైకప్పు వంక చూస్తూ. "తెల్సురా."

భూమేశ్ తలెత్తి చూశాడు.

"సల్లగ తాకంగనె తెలిసింది. నీ చెయ్యి వట్టి ఆపచ్చు. ఆపలె." లచ్చన్న కళ్లు గట్టిగా మూసుకుని తెరిచాడు. "భయమైందిరా భూమా. చెయ్యి కలిపినకాంచి భయమే. పాట వాడుకుంట తిరిగిన గని, లోపల గజగజ వణికిన. నూనె ఉంటె మంచిదే గద అనుకున్న. కడియం ఏస్కున్నోణ్ని, నూనె రాయించుకొని దిగిన. పైనుంచి వాడు నన్ను పసిపోరని లెక్క ముద్దు జేస్తుంటె ఆ సిగ్గుకు కోపమొచ్చింది."

ఆ కళ్ల చివర నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి ఆయన చెయ్యి కదలదు. భూమేశ్ తుడిచాడు.

"కడియం దియ్యి. ఆ పోరనికియ్యి. వాని తప్పు లేదని పదిమందిల చెప్పు. నాకు తెల్సే దిగిన్నని గూడ చెప్పు. అంత చెప్పాలె."

కడియం సబ్బు లేకుండానే వచ్చింది.

ఆ వచ్చే శుక్రవారం భూమేశ్ గోదాలోకి దిగాడు. పుట్టి బుద్ధెరిగి నలుగురి ముందు గోదా మట్టి మీద వాడు కాలుపెట్టడం అదే మొదలు. చుట్టూ మొన్న తన్నినవాళ్లూ ఉన్నారు, తన్నులు తిన్న ఫయాజూ ఓ మూల ఉన్నాడు. భూమేశ్ నడిమధ్యకు వచ్చి నిలబడ్డాడు. వచ్చీరాని హిందీలో, మధ్యమధ్య తెలుగులో, నూనె సంగతి బయటపెట్టాడు. "రాసింది నేను. ఫయాజ్ చెయ్యి వెట్టిండు, నా నూనెకు జారింది. మా ఉస్తాద్‌కు ఏం తెల్వది. తెలిస్తె నన్ను అక్కడనే నరుకుతుండె," అన్నాడు. ఎవరో ఉమ్మేశారు, అది వాడి భుజం మీద పడింది. ఫయాజ్ వచ్చి కడియం అందుకున్నాడు. కళ్లకద్దుకున్నాడు గానీ చేతికి వేసుకోలేదు. ఆ రోజు కుస్తీలు జరగలేదు.

సాయంత్రం ఆసుపత్రికి వచ్చేసరికి లచ్చన్న మేలుకునే ఉన్నాడు.

"అంత చెప్పినవా?"

"అంత చెప్పిన అన్నా."

లచ్చన్న తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. "పండుకొని పండుకొని ఒళ్లంత మొద్దువారింది. కాళ్లకన్న జర మాలిష్ చెయ్యరాదు," అన్నాడు.

భూమేశ్ సంచీలోంచి సీసా తీశాడు. అరచేతిలో నూనె పోసుకున్నాడు. దుప్పటి తొలగించి, ఆ పెద్ద పాదాలు ఒళ్లో పెట్టుకుని, మడమల నుంచి మోకాళ్ల దాకా, ఉస్తాద్ నేర్పినట్టు, ఉన్న బలమంతా పెట్టి రుద్దాడు. వాడి చేతులు నొప్పి పుట్టాయి, నుదుటి మీద చెమట పట్టింది.

"ఏమ్రా," అన్నాడు లచ్చన్న కళ్లు తెరవకుండానే, "ఇంకెప్పుడు మొదలువెడ్తవ్?"